డిస్కు ఉన్నది, డ్రైవరు లేడు

గోదావరిఖని ప్రాంతపు బొగ్గు రామగుండంలోని ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రానికి 'మెర్రీ-గో-రౌండ్' అనే ప్రత్యేక రైలుమార్గం మీద చేరుతుంది. గనిలో బొగ్గు ఉన్నా, కేంద్రంలో బాయిలర్లు సిద్ధంగా ఉన్నా, రైలు నడిపేవాడు రాకపోతే బొగ్గు కదలదు. అంతమాత్రాన గని ఖాళీ అయినదని ఎవరూ అనరు. కంప్యూటరు విషయంలో మాత్రం ఆ మాట తరచుగా అంటారు.

కంప్యూటరులో డిస్కుకూ ప్రాసెసరుకూ నడుమ కంట్రోలరు అనే పరికరం ఉంటుంది. దానిచేత పని చేయించే ప్రోగ్రామును కూడా డ్రైవరు అనే పిలుస్తారు. ఆ డ్రైవరు విఫలమైతే నిక్షేపంగా ఉన్న డిస్కు సైతం కనిపించదు.

ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన ఆపరేటింగ్ సిస్టమును గురించి ప్రకటించినప్పుడు, తనవద్ద ఉన్నది ఏ.టి. రకపు డిస్కే కనుక అది బహుశా మరే రకంతోనూ పనిచేయబోదని చెప్పుకున్నాడు. ఆ జోస్యం ఫలించలేదు. అనేక దేశాలవారు తమ తమ యంత్రాలకు డ్రైవర్లు వ్రాసి లినక్సులో చేర్చారు. అన్నిటినీ దాని కేంద్రభాగమైన కెర్నెల్‌లో ఇముడ్చుట భారమైనది. పోనీ, డిస్కు మీదనే ఉంచుదామంటే, డిస్కును చదువుటకే డ్రైవరు కావాలి. విత్తు ముందా, చెట్టు ముందా? 1990లలోనే దీనికి ఉపాయం కనిపెట్టారు. అవసరమైన డ్రైవర్లను ఒక చిన్న మూటగా కట్టి, కెర్నెల్‌తోపాటు మెమొరీలోనికి ఎక్కించుటే ఆ ఉపాయం. నేడు ఆ మూటను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటారు.

మూటలో సరియైన డ్రైవరు లేకపోయినా, పేరు మారినా యంత్రం ఆగిపోతుంది. పేరు మారుట నిజంగానే జరిగింది. జెఫ్ గార్జిక్ రూపొందించిన లిబ్‌ఏటీఏ డ్రైవర్లు 2006-07 ప్రాంతంలో పాత ఐ.డి.ఇ. డ్రైవర్ల స్థానంలోకి రాగా, అంతవరకు 'హెచ్‌డీఏ' అనిపించుకున్న డిస్కు 'ఎస్‌డీఏ' అయినది. పాత పేరుతో వెదికిన యంత్రాలకు డిస్కు దొరకలేదు. పేరుకు బదులు 128 బిట్ల గుర్తింపు సంఖ్యతో వెదకే పద్ధతి అటుపిమ్మట వ్యాప్తిలోకి వచ్చింది.

ఇట్టి సమయంలో తొందరపడి లినక్సును మరల స్థాపిస్తే విద్యార్థుల మార్కులు, ప్రయోగాల లెక్కలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముందుగా ఒక ప్రశ్న వేసుకోవలెను: డిస్కు పూర్తిగా చచ్చి ఉంటే, దాని మీది కెర్నెల్ ఎట్లా మొదలైనది? దానిని తెచ్చినది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరు. దానికి లినక్సు డ్రైవరుతో నిమిత్తం లేదు. కనుక అనుమానం మొదట డ్రైవరు మీదికే పోవాలి. ప్రారంభపు మెనూలో పాత కెర్నెల్‌ను ఎన్నుకొని చూడవలెను. అది నడిస్తే డిస్కు నిర్దోషి; కొత్త కెర్నెల్‌కు మూటను మరల కట్టిస్తే సాధారణంగా చాలును. అదీ నడవకపోతే పెన్‌డ్రైవు నుండి మరొక లినక్సును లేపి, 'ఎల్‌ఎస్‌పీసీఐ -కె' అనే ఆజ్ఞ ఇవ్వాలి. కంట్రోలరు పేరు, దాని క్రింద పనిచేస్తున్న డ్రైవరు పేరు అందులో కనిపిస్తాయి. రెండవది లేకపోతే దోషం ఎక్కడ ఉన్నదో తెలిసినట్లే. కెర్నెల్ దినచర్యలో చదువుటలో లోపాలు వరుసగా నమోదై ఉంటే మాత్రం డిస్కునో, దాని తీగనో శంకించాలి. మెనూలు తెలుగులో ఉన్నా ఈ దినచర్య ఇంగ్లీషులోనే ఉంటుంది. ఓపికతో చదువక తప్పదు.

డ్రైవర్లకు పదవీవిరమణ కూడా కలదు. రెడ్ హ్యాట్ సంస్థ 2019లో విడుదల చేసిన 8వ కూర్పులో పాత కంట్రోలర్లు కొన్నిటికి మద్దతు మానివేసింది. 2021లో 5.14 కెర్నెల్ నుండి పాత ఐ.డి.ఇ. డ్రైవర్లను తొలగించారు. పాత సర్వరులో కొత్త కూర్పును ఎక్కించే ముందు దాని కంట్రోలరు పేరు వ్రాసుకొని, ఆ డ్రైవరు ఇంకా కొలువులో ఉన్నదో లేదో చూచుకొనుట, ఫైళ్ళకు వేరొక డిస్కు మీద నకలు తీసుకొనుట అందుకే అవసరం.