‘అండీ’లో మా వాటా

కృష్ణా జిల్లా మాటకు బయట మంచి పేరుంది. మనిషి కనబడగానే ‘రండి, కూర్చోండి, మంచినీళ్లు తాగండి’ అంటారని చెప్పుకుంటారు. అవనిగడ్డ బజారులో ఒక పూట నిలబడితే అది అబద్ధం కాదని తెలుస్తుంది. కొట్టాయన కొనేవాడిని అండీ అంటాడు, కొనేవాడు కొట్టాయన్ని అండీ అంటాడు. ముక్కూమొహం తెలియని మనిషి దారి అడిగినా అండీ అనే చెబుతారు. దివిసీమ యానాదులమైన మేమూ మాటలు వచ్చినప్పటి నుంచి ఆ అండీ పలుకుతూనే ఉన్నాం. మా తాతలు రోజుకు వందసార్లు పలికారు. వాళ్లను అండీ అన్నవాళ్లు ఎందరని లెక్కపెట్టబోతే ఒక చేతి వేళ్లు చాలు.

మాకు వేరే భాష లేదు. ఎరుకల అన్నదమ్ములకూ సుగాలీలకూ ఇంట్లో తమ భాష తమకుంది. బజారులో ఎవరేమన్నా ఇంటికొచ్చి తమ మాటలో తాము దర్జాగా మాట్లాడుకోవచ్చు. మా ఇంటి భాష తెలుగే. ఆ తెలుగులో మనిషికీ మనిషికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో మాష్టార్లకు వేరే చెప్పక్కర్లేదు: ఒరే, ఏమోయ్, నువ్వు, మీరు, తమరు. మాకు దక్కింది అడుగు మెట్టు. రైతుగారి పదేళ్ల కొడుకు మా అరవై ఏళ్ల తాతను ‘ఒరే’ అని పేరు పెట్టి పిలిచేవాడు. తాత ‘అయ్యగారూ’ అని పలికేవాడు. ఊళ్లో మిగతా కులాలవాళ్లు బాబాయ్, అత్త, మావ అని ఒకరితో ఒకరు వరసలు కలుపుకునేవాళ్లు. ఆ వరసలు మా గుడిసెల దాకా వచ్చేవి కావు. ఈ సీమలో ఎక్కువ భాగం చల్లపల్లి జమీ కింద ఉండేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. పిలుపు మాత్రం పోలేదు.

మరి మేలు పొందినప్పుడు మా పెద్దలు ఏమనేవాళ్లు? ‘ధన్యవాదాలు’ సభల్లోంచీ పుస్తకాల్లోంచీ వచ్చిన మాట. ‘థాంక్స్’ బడి చదువుతో, ఆఫీసులతో వచ్చింది. పల్లెలో ఏ కులంవాళ్లయినా ‘నీ కడుపు చల్లగుండ’ అనో ‘పుణ్యం ఉంటుందయ్యా’ అనో అన్నారు గానీ థాంక్స్ అనలేదు. ఇక మావాళ్ల మధ్య ఆ మాటలు కూడా తక్కువే. మడ అడవుల్లో పీతలు దొరికినా, పొలంలో ఎలుకలు దొరికినా, పక్క గుడిసెకు కొన్ని వెళ్లేవి. రేపు వాళ్ల వేటలోంచి మనకు వచ్చేవి. దానికి థాంక్స్ చెబితే లెక్క తేల్చేసి మనిషిని దూరం పెట్టినట్టు ఉండేది. కృతజ్ఞత అన్న మాటకు అసలు అర్థం చేసిన మేలు తెలిసి ఉండటం. ఆ అర్థంలో చూస్తే మావాళ్లు నోరు విప్పకుండానే కృతజ్ఞులు. ‘యానాదులకు మర్యాద తెలియదు, ఇస్తే పుచ్చుకుని పోతారు’ అని ఇప్పటికీ అనేవాళ్లు ఉన్నారు గనక ఇంత చెప్పాల్సి వచ్చింది.

మేం చేసిన మేలు సంగతి చూద్దాం. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుక పడితే డెల్టా రైతు గుండె జారిపోతుంది. అప్పుడు కబురు మాకే వచ్చేది. వెదురు బుట్టలు పెట్టి, కన్నాల్లోకి కుండతో పొగ ఊది ఎలుకలను పట్టేవాళ్లం. తోకలు లెక్కపెట్టి డబ్బులిచ్చేవాళ్లు. ఒక్కో తోక వెనక ఎంత ధాన్యం మిగిలిందో రైతుకు మాకంటే బాగా తెలుసు. ఆ డబ్బు కూడా చేతిలో పెట్టకుండా కింద పడేస్తే ఏరుకున్న ముసలివాళ్లు మా ఇళ్లల్లో ఉన్నారు. రాత్రిపూట ఇంట్లో పాము దూరినా పిలుపు మాకే. పామును పట్టి దూరంగా వదిలేసి వస్తే ‘ఒరే, జాగ్రత్తగా పోరా’ అంటే అదే పెద్ద మర్యాద. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి జనం హడలిపోయారు, మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. పాముకు దండం పెట్టే సీమ ఇది. అందులో తప్పేం లేదు, మేమూ పెడతాం. కాకపోతే పామును పట్టేవాడి వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాం.

ఇంకో మాట ఉంది, ‘రుణం’. ‘మీ రుణం తీర్చుకోలేనండీ’ అని చదువుకున్నవాళ్లు నవ్వుతూ అంటారు, అక్కడితో అయిపోతుంది. మావాళ్లు అన్నప్పుడు అయిపోయేది కాదు. పెళ్లికో చావుకో వంద రూపాయలు తీసుకుని ‘మీకు రుణపడి ఉంటాం అయ్యా’ అంటే, ఆ మాటను పట్టుకుని చెరువు గట్టు మీదో తోటలోనో ఏళ్ల తరబడి కాపలా ఉంచేవాళ్లు. తండ్రి పోతే కొడుకు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా చేపల చెరువుల మీద, రొయ్యల చెరువుల మీద అడ్వాన్సు పేరుతో అది బతికే ఉంది. అందుకే మా ఇళ్లల్లో ముసలమ్మలు ఎవరైనా కొత్తవాళ్లు సాయం చేయబోతే ముందు భయపడతారు. దాన్ని పొగరనుకోవద్దు.

ఎరుకలవాళ్ల కథ ఇంకో రకం. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. జాబితాకెక్కినవాళ్లు చెప్పిన చోట, చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. కొత్త ఊళ్లో కొత్త మనిషికి నమస్కారం పెడితే ‘ఎందుకొచ్చాడు వీడు’ అన్న అనుమానమే జవాబు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. దాని మీద పోరాడినవాళ్లలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. యానాదులను సంఘంగా కూడగట్టి, మా మీద పుస్తకమూ రాశారు. ‘గారు’ అని మేం మనస్ఫూర్తిగా అనే పేర్లలో ఆయనది ముందుంటుంది.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమలో ఎవరిని కదిపినా చెబుతారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. గట్ల మీద, కాలవ ఒడ్డున, సముద్రం దగ్గర గుడిసెలు వేసుకున్న మావాళ్లు ఎందరు పోయారో చెప్పడానికి చాలా చోట్ల మనిషే మిగల్లేదు. మా పెద్దలు ఇంకొకటి కూడా చెబుతారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. వాళ్లకు మా కులం తెలియదు. గంజి పోస్తూ ‘తీసుకో అమ్మా’, ‘తాతా, ఇంకొంచెం పొయ్యమంటావా’ అన్నారు. మోతుబరీ మేమూ ఒకే వరసలో నిలబడ్డాం. తెలియని మనిషి తమను తాతా అని పిలవడం కొందరికి అదే మొదటిసారి. ఊరు తేరుకునేసరికి వరసలు మళ్లీ విడిపోయాయి, హోటలులో మా గ్లాసు మళ్లీ చూరులోకి పోయింది. హోటళ్లు, బావులు, దారులు అందరివీ అని 1950 రాజ్యాంగంలో 15వ అధికరణ చెప్పింది, అంటరానితనం నేరమని 1955లో చట్టమూ వచ్చింది. గ్లాసు మాత్రం చూరులోనే ఉంది.

మాట ప్రాణాల మీదికి కూడా వస్తుంది. కృష్ణకు అవతలి ఒడ్డున గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. ఆ తగువు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు మనిషికి తగలడంతో ముదిరింది. ఇద్దరు సమానులైతే ‘సారీ’తో తీరే సంగతి. సారీ, థాంక్స్ అన్న చిన్న మాటలు ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడితేనే పనిచేస్తాయని మేం అంటున్నది అందుకే.

ఈ బాధ మనదొక్కరిదే కాదు. అమెరికా అలబామాలో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణిని 1963లో కోర్టులో ప్రభుత్వ వకీలు ‘మేరీ’ అని పిలిచాడు. తెల్ల ఆడవాళ్లను మాత్రం ‘మిస్’ అని గౌరవంగా పిలిచేవాళ్లు. మిస్ హామిల్టన్ అంటేనే జవాబు చెబుతానని ఆమె నోరు విప్పలేదు. కోర్టు ధిక్కారమని జైలులో పెట్టారు, జరిమానా వేశారు. 1964లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ‘గారు’ కోసం జైలుకు వెళ్లిన మనిషి అన్నమాట. మన దగ్గర 1989 అత్యాచారాల నిరోధక చట్టం పదిమందికీ కనబడే చోట ఎస్సీ, ఎస్టీలను కావాలని అవమానించడం నేరమంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలకు ఈ రెండూ చెప్పాలి. కేసు పెట్టమని కాదు, బజారులో తమ గౌరవానికి చట్టం కాపలా ఉందని తెలియాలి కాబట్టి.

బడి సంగతి చెప్పకపోతే మాష్టార్లు ఊరుకోరు. మా పిల్లల్లో చాలామంది తమ పేరు చివర ‘గాడు’ లేకుండా మొదటిసారి విన్నది హాజరు పట్టీ చదివినప్పుడే. ఒకప్పుడు హాజరంటే పోలీసుల ముందు పలికేది, ఇప్పుడు టీచరు ముందు పలికేది. ఆ పేరును పూర్తిగా, మెల్లగా చదివిన టీచర్లను మేం మర్చిపోలేదు. ‘ఏయ్ యానాదీ’ అన్న టీచర్లనూ మర్చిపోలేదు.

మాలోనూ లోపం ఉంది. ఉద్యోగం వచ్చిన మా కుర్రాళ్లు కొందరు బస్టాండులో ఊడ్చేవాళ్లను ‘ఏయ్, ఇటు’ అని పిలవడం విన్నాం. ఊడ్చేది చాలా చోట్ల మనవాళ్లే.

మొన్న అవనిగడ్డ బస్టాండులో నాగాయలంక బస్సు కోసం కూర్చున్నాం. మా పేటలో ఇంటర్ చదివే పిల్ల సంచి కింద పెట్టుకుంది. ఊడుస్తున్నామె చీపురు ఆపి, ఆ సంచి ఎత్తి బెంచీ మీద పెట్టింది. ‘థాంక్సండీ పెద్దమ్మా’ అంది పిల్ల. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

‘నన్నా అమ్మా?’

‘మిమ్మల్నే.’

కాసేపు చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత ‘ఏ ఊరు మీది?’ అని అడిగింది. ఊరు చెబితే ఇంటిపేరు అడిగింది. బస్సు వచ్చేలోపు వరస కలిసింది, పిల్లకు మేనత్త అవుతుందట.