పాత నాణెములు — మన పెద్దల నిత్యజీవితము

చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. సంతలో ఉప్పు కొన్న ఇల్లాలు, కూలి పుచ్చుకొన్న పాలేరు, శిస్తు కట్టిన రైతు ఆ పుటలలో కనబడరు. వారి చేతి రాపిడి నిలిచియున్న చోటు ఒకటి కలదు. అది పాత నాణెము.

పూర్వము తగడూరనబడిన మన ధర్మపురిలో ప్రభుత్వములు పలుమార్లు మారినవి. కాని ప్రభుత్వము మారిన దినముననే రైతు మొలసంచిలోని నాణెము మారదు. మైసూరు కంఠీరవ నరసరాజ ఒడయరు (1638–1659) పేర వెలసిన బంగారు పణము కందిగింజంత, దానిపై నరసింహస్వామి. హైదరాలీ తన వరహాలపై శివపార్వతుల రూపములనే ఉంచెను. అలవాటైన ముద్ర యున్ననే గదా, సంతలో నాణెము చెల్లునది! టిప్పు సుల్తాను రాగి నాణెములపై ఏనుగు నిలిచినది.

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహల్ సీమ కుంఫిణీవారి వశమైనది. ఇక్కడ శిస్తు నిర్ణయించిన అలెగ్జాండరు రీడు దొరకు సహాయకుడుగా వచ్చిన తామస్ మన్రో, 1799 వరకు ఈ సీమలోనే పనిచేసెను, ధర్మపురిలో కాపురముండెను. ఆ పిమ్మట దత్తమండలముల తెలుగువారికి పరిచితుడైన మన్రో దొర ఈయనయే.

నాటి మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక రూక. 42 రూకలు ఒక పూవరహా. అనగా వరహాకు 3,360 కాసులు! వరహా చూచినవాడు షావుకారు. కాసులు లెక్కించినవాడు కూలివాడు. రకరకముల నాణెములను మార్చి ఇచ్చుటకు సరాబు ఉండెడివాడు, అతనికి వట్టము ముట్టెడిది. 1818లో రూపాయి ప్రమాణమైన పిదప ఈ లెక్క క్రమముగా మరుగైనది.

మనకు ముఖ్యమైన విషయ మింకొకటి. 1808 ప్రాంతమున మద్రాసులో అచ్చయిన వెండి పావువరహాపై ఒకవైపు గోపురము, నక్షత్రములు; రెండవవైపు విష్ణుమూర్తి, చుట్టును తమిళ, తెలుగు అక్షరములు. రెండు భాషలును ఒకే బిళ్లమీద ఇరుగుపొరుగులై సంతకు వెళ్లినవి. తమిళనాట తెలుగు మాటలాడు మనకు ఇంతకంటె ఆత్మీయమైన సాక్ష్య మేమి కావలెను?

నాణెములు పోయినను మాటలు పోలేదు. డబ్బు, దుడ్డు అనునవి ఒకప్పుడు రాగి నాణెముల పేర్లే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలను తొలగించినవి. 2011 జూన్ 30తో పావలా బిళ్లకు చెల్లుబాటు పోయినది. అయినను దమ్మిడీ ఆదాయము లేదనియు, చిల్లుకానీకి కొరగాడనియు అనుచునే యున్నాము. ఆ చిల్లుకానీ నిజముగా ఉండెడిది. యుద్ధకాలమున 1943లో వచ్చినది.

మన ఇండ్లలో దేవుని పెట్టెలందును, అవ్వల కాసులపేరులందును ఇట్టివి ఇంకను కొన్ని యుండవచ్చును. కరగించిన లోహపు వెల వచ్చును; కథ మాత్రము పోవును. చింతపండుతో తోమి మెరుగుపెట్టినను అక్షరములు అరిగిపోవును. కావున ఈ ఉగాదినాడు పిల్లలచేత ఆ బిళ్లలను పట్టించి, ఇది ఎవరు సంపాదించినది, దేనికై దాచినది అని పెద్దల నడిగించి, ఆ మాటలను ఒక కాగితముపై వ్రాసి నాణెముతో కూడ భద్రపరచుడని సభ్యులకు మా మనవి. అడిగిన చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను.