కుక్కకు కాపలా ఏది? తేలిక తుపాకీ, మేకుల పట్టీ, మిరపకారం

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు నిదానంగా చదువుకోండి.

పోయిన నెల మా అక్క కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. వాడు ఆదివారం ఆదివారం కుక్కను వెంటేసుకుని కొండల్లో నడకకు పోతాడు. అక్కడ ఎలుగుబంట్లు, కొండసింహాలు ఉంటాయి. "మామా, కుక్కను కాపాడుకోడానికి బరువు లేని తుపాకీ ఒకటి కొందామనుకుంటున్నా. నీ కరియాను చిరుత ఎత్తుకుపోయింది గదా, ఆ రోజు నీ చేతిలో తుపాకీ ఉంటే బతికేదా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయా. అప్పటినుంచి దొరికిందల్లా చదివా. చదివింది మీకూ చెబుతా. ఎందుకంటే మనలో చాలామందికి ఆ ఆలోచన ఉంది. నాకూ ఉండేది.

ముందు ఒక తమాషా సంగతి. కుక్క పేరు పెట్టుకున్న తేలిక తుపాకీ ఒకటి నిజంగానే ఉండేది, అయితే అది కుక్కను కాపాడ్డానికి కాదు. 1890ల్లో ఫ్రాన్సులో సైకిళ్ల వాడకం బాగా పెరిగింది. సైకిల్ కనపడితే కుక్కలు వెంటపడేవి. పారిస్‌లో గాలాన్ అనే తుపాకుల తయారీదారు జేబులో పట్టేంత చిన్న రివాల్వర్ చేసి 'వెలోడాగ్' అని పేరు పెట్టాడు. వెలో అంటే సైకిల్, డాగ్ అంటే మనకు తెలిసిందే. దానికి సీసం గుండ్లే కాకుండా కారప్పొడి నింపిన తూటాలు కూడా అమ్మేవారు. కుక్కను చంపకుండా తరిమితే చాలు అనుకునేవాళ్లకు అవి. ఈ కారప్పొడి మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక అమెరికా కథ. పెద్ద జంతువును ఆపాలంటే పెద్ద తూటా కావాలి. 1955 చివర్లో స్మిత్ అండ్ వెసన్ వాళ్లు .44 మాగ్నం రివాల్వర్ తెచ్చారు. అది కిలోకు పైనే బరువు. రోజంతా నడుముకు కట్టుకుని కొండెక్కాలంటే కష్టం. 2000 తర్వాత స్కాండియం కలిపిన అల్యూమినియంతో అదే తూటాకు సుమారు 700 గ్రాముల తుపాకీ చేశారు. మోయడానికి హాయి. కాల్చడానికి మాత్రం నరకం. లెక్క మనకు తెలిసిందే, మందు బలం అంతే ఉండి తుపాకీ బరువు తగ్గితే వెనక్కి తన్నే తన్ను పెరుగుతుంది. మొదటి గుండు తప్పితే రెండోది గురి పెట్టేలోపు పని అయిపోతుంది. పైగా కుక్కా మృగమూ ఒకదాన్నొకటి పట్టుకుని దొర్లుతుంటే ఎవరిని కాలుస్తావు? నీ గుండే నీ కుక్కకు తగలొచ్చు.

అందుకే అక్కడ 1980ల్లో ఇంకో దారి వెతికారు. మిరపలోని ఘాటును డబ్బాలో నింపి ఎలుగుబంటి ముఖాన కొట్టే స్ప్రే తయారైంది. అలాస్కాలో జరిగిన సంఘటనలు పోగుచేసి 2008లో ఒక పరిశోధన అచ్చువేశారు. గోధుమ ఎలుగుబంట్ల మీద స్ప్రే వాడినప్పుడు 92 శాతం సార్లు అవి ఆగాయి. అదే పరిశోధకుల్లో కొందరు 2012లో తుపాకుల లెక్క తీశారు. చేతి తుపాకీ 84 శాతం, పొడవు తుపాకీ 76 శాతం పనిచేశాయి. రెండు లెక్కల్లో సందర్భాలు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి ఇదే గొప్ప అని తేల్చెయ్యకూడదు. కానీ తుపాకీ ఉంటేనే ప్రాణం నిలుస్తుంది అనే మాట మాత్రం నిలవదు. చూశారా, మిరప పుట్టిందే అమెరికా ఖండంలో. పోర్చుగీసు వాళ్లు మనకు తెచ్చారు. మనం దాన్ని కల్లాల్లో ఎండబోసుకుంటున్నాం, వాళ్లు కాపలాకు పెట్టుకున్నారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తుపాకీకి, మన రైతుకు మధ్య చట్టం చాలా కాలంగా ఉంది. 1857 తిరుగుబాటు చూశాక తెల్లవాళ్లకు మన చేతిలో ఆయుధమంటే భయం. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. మనవాడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. కొడగు వాళ్లకు మాత్రం మినహాయింపు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు, 1962 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పంట కాపలాకు నోటితో మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు రాశారు. మన తాతల ఇళ్లల్లో కొక్కేనికి వేలాడిన తుపాకులు అలాంటివే. దాన్ని మళ్లీ మందు కూరి సిద్ధం చేసేలోపు అడవిపంది ఇంకో చేను తినేసి పోయేది, అది వేరే సంగతి.

తర్వాత 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. దీన్ని కాస్త జాగ్రత్తగా వినండి. చిరుత ఇప్పుడు అందులో మొదటి షెడ్యూల్లో ఉంది. నీ ప్రాణానికో, ఇంకో మనిషి ప్రాణానికో ముప్పు వచ్చినప్పుడు, మంచి ఉద్దేశంతో చంపితే నేరం కాదంటుంది చట్టం. చట్టంలో ఉన్న మాట మనిషి. కుక్క కాదు, మేక కాదు, దూడ కాదు. కుక్క కోసం చిరుతను కాల్చావంటే కుక్కా పోయె, నువ్వూ జైలుకు పోయె.

మరి మన దేశంలో తేలిక తుపాకీ లేదా అంటే ఉంది. 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని అర కిలో రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత ఆడవాళ్ల రక్షణ కోసమని చేసింది. అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. .32 తూటా. అది మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువు. చీకట్లో దూకే చిరుతకు దాన్ని గురి పెట్టే మొనగాడు మన మండలంలో నాకు కనపళ్లేదు.

అసలు చిరుతకు కుక్కంటే ఎందుకంత ఇష్టం? మహారాష్ట్రలో అకోలే అనే ప్రాంతం ఉంది. చుట్టూ చెరకు తోటలు, వాటిల్లోనే చిరుతల కాపురం. అక్కడ చిరుతల పెంట పరీక్షించి చూస్తే, తిన్న మాంసం బరువులో 39 శాతం కుక్కలదే అని తేలింది. అంటే ఊరికుక్క దానికి సిద్ధాన్నం. చెత్తకుప్పలు ఉంటే కుక్కలు చేరతాయి, కుక్కలు ఉంటే చిరుత వస్తుంది. 2023లో అలిపిరి నడకదారిలో పసిపాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక అందరికీ భయం పట్టుకుంది. అప్పుడు కొండకు నడిచే భక్తుల చేతికి ఇచ్చింది కర్ర. గుంపుగా పొమ్మన్నారు. నవ్వినవాళ్లు ఉన్నారు గానీ, చిరుత వెనక నుంచి ఒంటరిదాన్ని చూసి పడే జంతువు అని తెలిసినవాళ్లు నవ్వరు.

ఇక పాతకాలం మందు ఒకటి చెబుతా. రోములో వర్రో అనే పెద్దాయన క్రీస్తుపూర్వం 37లో, ఎనభై ఏళ్ల వయసులో వ్యవసాయం మీద పుస్తకం రాశాడు. మందకాపు కుక్కకు గట్టి తోలు పట్టీ వెయ్యమన్నాడు. దానికి మేకులు బయటికి వచ్చేట్టు దిగ్గొట్టి, ఇనుము కుక్క మెడకు గుచ్చుకోకుండా లోపల మెత్తని తోలు కుట్టమన్నాడు. తోడేలు ఒకసారి ఆ మేకులకు గాయపడితే, పట్టీ లేని కుక్కల జోలికి కూడా రాదన్నాడు. హిమాలయాల్లో గొర్రెల కాపర్లు చిరుతల భయానికి కుక్కల మెడకు ఇనుప పట్టీలు వేసేవాళ్లు. చిరుత ముందు పట్టేది గొంతు కాబట్టి. రెండువేల ఏళ్లుగా నిలిచిన ఉపాయం అది. లైసెన్సు అక్కర్లేదు, గురి అక్కర్లేదు, కాపలావాడు నిద్రపోయినా పట్టీ మేలుకునే ఉంటుంది.

ఇప్పుడు మా కరియా సంగతి. రెండేళ్ల కిందట కార్తీకంలో మోటారు షెడ్డు దగ్గర మంచం వేసుకుని పడుకున్నా. కంది చేను పూత మీద ఉంది. కరియా నా కాళ్ల దగ్గరే. తెల్లవారుజామున ఒక్క అరుపు. ఒక్కటే. నేను టార్చి వెతికి వెలిగించేసరికి చేను కదులుతా ఉంది, అంతే. పొద్దున వాగులో మెడ తాడు దొరికింది.

ఆ కోపంలో నాటు తుపాకీ ఒకటి అమ్మకానికి ఉందంటే చూడ్డానికి పోయా. చేతిలో పట్టుకున్నా. డబ్బులు కూడా సర్దుకున్నా. మీ వదిన ఒకటే మాట అంది: "కుక్క పోయింది. రేపు నువ్వు జైలుకు పోతే చేనుకు కాపలా ఎవరు?" ఆ మాటతో వెనక్కి వచ్చా.

కాబట్టి మా అల్లుడికి ఇలా చెప్పా: "నిజం చెప్పాలంటే, ఆ రోజు నా తలకింద ఎంత తేలిక తుపాకీ ఉన్నా కరియా బతికేది కాదురా. అరుపు వినపడేసరికే అయిపోయింది. మేకుల పట్టీ ఉంటే బతికేదేమో. నువ్వు కుక్కను తాడు మీద ఉంచు, వదిలేస్తే అది ఎలుగును కెలికి నీ మీదికే తెస్తుంది. కారం డబ్బా నడుముకు పెట్టుకో. పొద్దుగూకకముందే దిగిపో."

మనకూ అంతే అన్నలూ. రాత్రి కుక్కను కట్టేసి వదిలెయ్యకండి, కట్టిన కుక్క పారిపోలేదు, తిరగబడలేదు. షెడ్డులోపల పడుకోబెట్టి తలుపు వెయ్యండి. చచ్చిన కోళ్లు, గొడ్లు చేను గట్టున పారెయ్యకండి. కరెంటు తీగలు మాత్రం పెట్టొద్దు, వాటికి చిరుతకన్నా ముందు పక్క చేను మనిషే బలవుతాడు. చిరుత కనపడితే ఫారెస్టు వాళ్లకు చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు కొత్త కుక్కపిల్ల ఉంది. మన చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలు పట్టీ చేయించా, లోపల మెత్త, బయట మేకులు. పిల్ల ఇంకా చిన్నది, మెడకు వదులుగా ఉంది. పెరుగుతుంది లెండి.

మీ తాతల కాలంలో కుక్క మెడకు ఏం కట్టేవాళ్లో మీ ఇళ్లల్లో పెద్దవాళ్లనడిగి కింద రాయండి. అందరికీ పనికొస్తుంది.