హెలిగోలాండు దీవిలో పక్షులు, శలభములు

ఉత్తర సముద్రములో, జర్మనీ తీరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున హెలిగోలాండు అను చిన్న దీవి కలదు. ఎఱ్ఱని ఇసుకరాతి కొండ, దాని ప్రక్క నొక ఇసుక దిబ్బ, ఇంతే ఆ దీవి. వసంతమున ఉత్తరమునకును, శరత్తున దక్షిణమునకును వలసపోవు పక్షులకు నడిసముద్రమున ఇదియే విడిది. చీకటి రాత్రులలో ఇచటి దీపస్తంభపు వెలుగునకు భ్రమసి పక్షులు గుంపులుగా దాని చుట్టును తిరుగును.

1837లో హైన్రిక్ గేట్కె (1814–1897) అను యువ చిత్రకారుడు ఈ దీవికి వచ్చెను. అప్పుడది బ్రిటిషువారి పాలనలో నుండెను. అతడచటనే స్థిరపడి, ప్రభుత్వ కార్యదర్శిగా పనిచేసెను. సుమారు అర్ధశతాబ్దము పాటు ఏనాడు ఏ పక్షులు వచ్చినవి, గాలి ఎటు వీచినది అను విషయములను వ్రాసికొనుచు వచ్చెను. చెట్లు అరుదైన ఆ దీవిలో జనులు పొదలను అమర్చి, వలలు పన్ని, పాటపిట్టలను పట్టి తినుచుండిరి. వారికి చిక్కిన వింత పక్షులు గేట్కె పరిశీలనకు వచ్చుచుండెను. ఈ కృషి ఫలితముగా 1891లో అతని గ్రంథము వెలువడినది.

గేట్కె పక్షులను మాత్రమే చూచి ఊరకుండలేదు. 1882 ఆగస్టులో కొన్ని రాత్రులు పక్షులతో పాటు శలభములు, అనగా దీపముల చుట్టు ముసురు రాత్రి సీతాకోకచిలుకలు, లక్షలకొలది దీవి మీదుగా సాగిపోవుట చూచి, దానిని కూడ నమోదు చేసెను. వీని ముందురెక్కపై వెండివన్నెతో గ్రీకు గామా అక్షరమువంటి గుర్తుండును. పురుగు సముద్రమును దాటునా? దాటినను, గాలికి కొట్టుకొనిపోయినదా, తన ఇచ్ఛతో పోయినదా? ఆనాడు తేల్చు సాధనము లేకుండెను.

గేట్కె చూచినది సరియే గాని, ఊహించినది అన్నియెడల సరికాలేదు. నీలిగొంతుగల బ్లూథ్రోట్ అను చిన్న పిట్ట, శీతకాలమున మన చెరువుగట్ల రెల్లుపొదలకును వచ్చునదే, వసంతమున హెలిగోలాండులో విరివిగా కనబడుచుండెను. నడుమనున్న దేశములలో అంతగా కనబడుటలేదు. కనుక అది ఈజిప్టునుండి ఒక్క రాత్రిలోనే వచ్చుచున్నదని అతడు తలచెను. అట్లయిన దాని వేగము గంటకు 300 కిలోమీటర్లకు పైబడవలెను. ఇది అసంభవమని తరువాతివారు తేల్చిరి.

1910లో హ్యూగో వైగోల్డ్ ఆ దీవిలో పక్షి పరిశోధనాలయమును నెలకొల్పెను. వంటకై పక్షులను పట్టిన ఆ పొదవలయే, గరాటువంటి పెద్ద బోనుగా మారినది. అందు చిక్కిన పక్షుల కాలికి సంఖ్యగల ఉంగరమును తొడిగి విడిచిపెట్టసాగిరి. ఈ బోను నేటికిని ‘హెలిగోలాండు బోను’ అను పేరనే పలుదేశముల తీరములలో వాడుకలో నున్నది.

శలభముల సంగతి తేలుటకు రాడారు రావలసివచ్చినది. 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో స్వీడనునందలి చిన్న పక్షులను, ఇంగ్లండునందలి ఈ గామా శలభములను రాడారుతో కొలిచి పోల్చిరి. సొంత రెక్కల బలములో పక్షి శలభమునకు మూడురెట్లు మిన్న. అయినను రెండును గంటకు 30 మొదలు 65 కిలోమీటర్ల వరకు సాగుచున్నవి! శలభము అనుకూలమైన గాలి వీచు రాత్రినే ఎన్నుకొని, గాలి జోరుగానున్న ఎత్తునకు ఎగయును. వసంతమున బ్రిటనుకు వచ్చిన వానికి సుమారు నాలుగు రెట్లు సంతతి శరత్తున దక్షిణమునకు మరలునని 2012లో మరియొక పరిశోధన చూపినది. గాలికి కొట్టుకొనిపోవు పురుగు కాదది. గాలిని వాహనముగా చేసికొన్న ప్రయాణికి.

గేట్కె ఊహించిన పిట్ట వేగము నిలువలేదు. పక్షుల సరసన అతడు వ్రాసియుంచిన శలభముల ముచ్చటకు మాత్రము 130 ఏండ్లకు సమాధానము దొరకినది. తీరమున నిలిచి పరిశీలించువాడు తేది, వేళ, గాలి, కంటబడిన ప్రాణి, వీనిని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. తన ఊహను వేరుగా వ్రాసికొనవలెను. అట్టి నమోదు వ్రాసినవాని కాలము గడచినను పనికివచ్చును.