శిశుశయ్య: రాయ్‌పూర్ తెలుగు ఇళ్ల ఆచారం, నేటి వైద్యం

విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తి అయింది. ఉత్తరాంధ్ర నుండి ఛత్తీస్‌గఢ్ మైదానానికి ఉద్యోగార్థం వచ్చిన కుటుంబాలకు అది రాచబాట. వారి సామానుతోపాటు శిశుపోషణ ఆచారాలు కూడా తరలివచ్చాయి. దూలానికి కట్టిన చీర ఉయ్యాల, పాతచీరలతో కుట్టిన బొంత, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు వీటిలో ముఖ్యమైనవి. ఆ బొంతకు స్థానికుల ఇళ్లలోని గుదడీ సోదరి వంటిదే.

ఈ ఆచారాలను మూఢమని త్రోసిపుచ్చడం తొందరపాటు. శాస్త్రమూ పొరబడిన సందర్భం ఉన్నది. 1950ల ద్వితీయార్ధంలో అమెరికా వైద్యుడు బెంజమిన్ స్పాక్ ప్రసిద్ధ గ్రంథం శిశువును బోర్లా పరుండబెట్టమని సలహా ఇచ్చింది. బోర్లా పడుకోవడం ప్రమాదమని సూచించే ఆధారాలు 1970 నాటికే లభ్యమైనా, ఆ సలహా చాలాకాలం కొనసాగింది. 2005లో వెలువడిన ఒక సమీక్ష అంచనా ప్రకారం, ఆ ఆధారాలను సకాలంలో క్రోడీకరించి ఉంటే పాశ్చాత్య దేశాలలో కనీసం 50,000 శిశుమరణాలు నివారింపబడి ఉండేవి. బ్రిటన్‌లో 1991లోనూ, అమెరికాలో 1994లోనూ వెల్లకిలా పరుండబెట్టాలన్న ప్రచారోద్యమాలు సాగాయి. తదుపరి దశాబ్దంలో అమెరికాలో ఆకస్మిక శిశుమరణాల రేటు దాదాపు సగానికి తగ్గింది.

ఈ వెలుగులో మన ఆచారాలను పరిశీలించవలసి ఉన్నది. అమెరికా శిశువైద్య అకాడమీ 2022లో సవరించిన సూచనల ప్రకారం, ఏడాది నిండే వరకు శిశువుకు గట్టి, సమతలమైన పక్క ఉండాలి. దిండు, మెత్తని దుప్పటి, బొమ్మలు దరి చేరరాదు. తల్లి గదిలోనే, ఆమె చేతికందే దూరంలో వేరే పక్క శ్రేయస్కరం. నేలపై చాప పరచి, పలుచని బొంతను ముడతలు లేకుండా బిగువుగా వేసే పద్ధతి ఈ సూత్రానికి చాలా దగ్గర. బొంత శిశువు కిందనే గాని, పైన గాని చుట్టూ గాని ఉండరాదు. చీర ఉయ్యాలలో వీపు వంగి గడ్డం రొమ్మును తాకితే శ్వాసకు అడ్డంకి కలుగుతుంది. కనుక ఆడించడానికి, ఓదార్చడానికి ఉయ్యాల మంచిదే, దీర్ఘనిద్రకు కాదు. ఆవాల దిండుకు సెలవు చెప్పడమే మేలు. నలభై డిగ్రీలు దాటే రాయ్‌పూర్ వేసవిలో శిశువుకు అధికంగా కప్పడమూ హానికరమే.

బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేసి పాడే వేడుకకు ఇందువల్ల లోటేమీ రాదు. పాట ముగిసి బిడ్డ నిద్రలోకి జారిన పిమ్మట, చాపపై వెల్లకిలా పరుండబెడితే చాలును.