స్ప్రెడ్ స్పెక్ట్రమ్ నెట్‌వర్కులలో సమకాలీకరణ

స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అనగా ఒక సంకేతాన్ని దానికి నిజంగా అవసరమైన పౌనఃపున్య పట్టీ కంటే ఎన్నో రెట్లు వెడల్పైన పట్టీ మీద పరచి పంపే రేడియో ప్రసార పద్ధతి. తెలుగులో దీనిని వ్యాప్త వర్ణపట పద్ధతి అనవచ్చు. ఇలా పరచడం వలన ఇతర ప్రసారాల నుండి కలిగే వ్యతికరణాన్నీ, కావాలని చేసే జామింగునూ తట్టుకొనే శక్తి సంకేతానికి లభిస్తుంది. అయితే ఈ రక్షణకు ఒక షరతు ఉంది. పంపేవారు ఏ క్రమంలో సంకేతాన్ని పరిచారో, గ్రాహకం కూడా అదే క్రమాన్ని, అదే క్షణంలో నడపగలగాలి. ఈ కాలపు పొందికనే సమకాలీకరణ అంటారు. అది కుదరని గ్రాహకానికి తనకు రావలసిన సంకేతం కూడా రొదగానే వినిపిస్తుంది.

కేంద్ర స్థావరం లేకుండా పరికరాలు తమలో తాము కలిసి ఏర్పరచుకొనే అడ్‌హాక్ నెట్‌వర్కులలో ఈ సమస్య మరింత కఠినమైనది. అక్కడ అందరూ చూసి సరిపెట్టుకోదగిన గడియారం ఒకటి ఉండదు. హైదరాబాదు పడమటి అంచున, శేరిలింగంపల్లి మండలంలోని నానక్‌రామ్‌గూడ - గచ్చిబౌలి ప్రాంతంలో ఈ సమస్యను ప్రత్యక్షంగా చూడవచ్చు. ఎత్తైన కార్యాలయ భవనాలు, గృహ సముదాయాలు, ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ప్లాజా, పరిశోధనా సంస్థలు దగ్గర దగ్గరగా ఉన్న ఈ చోట లైసెన్సు అవసరంలేని కొద్దిపాటి పట్టీలనే అందరూ పంచుకోవలసి వస్తుంది.

పరిచే విధానాలు

ప్రధానంగా రెండు విధానాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది ప్రత్యక్ష క్రమ పద్ధతి. ఇందులో ప్రతి సమాచార బిట్టునూ వేగంగా మారే ఒక కోడ్‌తో గుణిస్తారు. కోడ్‌లోని ఒక్కొక్క తునకను చిప్ అంటారు. గ్రాహకం అదే కోడ్‌తో మళ్ళీ గుణించినప్పుడు అసలు సంకేతం ముడుచుకొని పూర్వపు వెడల్పుకు వస్తుంది. దారిలో కలిసిన అన్య సంకేతం మాత్రం అదే గుణకారం వలన విస్తరించి పలచబడుతుంది. పరిచిన వెడల్పుకూ అసలు వెడల్పుకూ ఉన్న నిష్పత్తిని ప్రాసెసింగ్ గెయిన్ అంటారు. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం భూమిని చేరేసరికి గ్రాహకంలోని ఉష్ణ రొద కంటే కూడా బలహీనంగా ఉంటుంది. అయినా చేతి ఫోను దానిని పట్టుకోగలగడానికి కారణం ఈ గుణకారమే. శ్రీహరికోట నుండి ప్రయోగించిన నావిక్ ఉపగ్రహాలు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

రెండవది పౌనఃపున్య గెంతు పద్ధతి. ఇందులో పంపేవారూ, అందుకొనేవారూ ముందుగా ఒప్పుకున్న క్రమంలో ఒక ఛానెల్ నుండి మరొక ఛానెల్‌కు గెంతుతూ ఉంటారు. కోలాటంలో ప్రతి తాళానికీ ఎదుటివారు మారినట్లే ఇక్కడ ప్రతి గెంతుకూ ఛానెల్ మారుతుంది. ఒక్క తాళం తప్పితే కోల గాలిలో కొట్టుకుంటుంది. సినీ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942 ఆగస్టు 11న అమెరికాలో పొందిన పేటెంటు ఇటువంటిదే. టార్పెడోను నడిపించే రేడియో సంకేతం 88 పౌనఃపున్యాల మధ్య గెంతే ఏర్పాటు అది. పియానో మెట్లు కూడా 88 కావడం యాదృచ్ఛికం కాదు. స్వయంచాలక పియానోలలో వాడే చిల్లుల కాగితపు చుట్టలనే ఓడలోనూ, టార్పెడోలోనూ ఒకేసారి కదిలించాలని వారి ఆలోచన. ఆ పేటెంటులో గెంతడం కంటే రెండు చుట్టలనూ ఒకే వేగంతో నడపడమే అసలైన చిక్కు.

గడియారాల తేడా

రేడియో పరికరాలలో కాలాన్ని కొలిచేది క్వార్ట్జ్ స్ఫటికం. సాధారణ స్ఫటికంలో పది లక్షలకు 20 వంతుల వరకు హెచ్చుతగ్గు ఉంటుందనుకుందాం. ఒకటి ముందుకూ, మరొకటి వెనుకకూ నడిస్తే రెండు పరికరాల మధ్య తేడా సెకనుకు 40 మైక్రోసెకన్లు. ఈ తేడా చిన్నదా, పెద్దదా అనేది పద్ధతిని బట్టి ఉంటుంది. సెకనుకు 12,28,800 చిప్‌లు పంపే సీడీఎంఏలో ఒక చిప్ నిడివి సుమారు 0.81 మైక్రోసెకను. దిద్దుబాటు లేకపోతే 20 మిల్లీసెకన్లలోనే ఒక చిప్ తప్పిపోతుంది. సెకనుకు 1600 సార్లు గెంతే బ్లూటూత్‌లో ఒక గడి 625 మైక్రోసెకన్లు, కాబట్టి అదే తేడా ఒక గడికి చేరడానికి సుమారు 16 సెకన్లు పడుతుంది. గెంతుకు 250 మిల్లీసెకన్లు తీసుకొనే నెమ్మది నెట్‌వర్కులో గంట గడిచినా తేడా 144 మిల్లీసెకన్లే.

స్ఫటికం వేగం ఉష్ణోగ్రతను బట్టి కూడా మారుతుంది. మే నెల ఎండలో వీధి దీపపు స్తంభం మీది పెట్టెలో ఉన్న పరికరమూ, ఏసీ గదిలో ఉన్న పరికరమూ ఒకే తయారీవి అయినా ఒకే వేగంతో నడవవు. కాబట్టి సమకాలీకరణ ఒక్కసారి చేసి వదిలే పని కాదు. మొదట క్రమాన్ని పట్టుకోవడం ఒక దశ, పట్టుకున్నది జారిపోకుండా నిరంతరం సవరించుకోవడం మరొక దశ.

సీడీఎంఏ

తెలుగువారికి స్ప్రెడ్ స్పెక్ట్రమ్ మొదట ఫోను రూపంలోనే పరిచయమైనది. 1996లో ఏర్పడిన టాటా టెలీసర్వీసెస్ దేశంలో మొదటిసారిగా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో సీడీఎంఏ సేవలను ప్రారంభించింది. 2002 డిసెంబరులో రిలయన్స్ దేశవ్యాప్తంగా ఇదే సాంకేతికతతో ఫోన్లను ప్రవేశపెట్టింది. 2010ల దశకం చివరినాటికి 4జీ రాకతో ఈ సేవలు నిలిచిపోయాయి.

ఐఎస్-95 ప్రమాణంలో ప్రతి స్థావరమూ 32,768 చిప్‌ల పొడవున్న ఒకే పైలట్ కోడ్‌ను ఎడతెగకుండా పంపుతుంది. ఈ కోడ్ రెండు సెకన్లలో సరిగ్గా 75 సార్లు తిరుగుతుంది. ఏ స్థావరం ఏదో గుర్తించడానికి ఆధారం కాలమే. ఒక్కొక్క స్థావరం 64 చిప్‌ల గుణిజాలలో తనకు కేటాయించిన ఆలస్యంతో ఈ కోడ్‌ను మొదలుపెడుతుంది. ఆ విధంగా 512 స్థానాలు ఏర్పడతాయి. స్థావరాల గడియారాలు కొద్ది మైక్రోసెకన్లలోపు ఏకీభవిస్తేనే ఇది సాధ్యం కనుక ప్రతి టవరు మీదా ఒక జీపీఎస్ గ్రాహకం ఉండేది. ఫోను స్విచ్ వేయగానే ఈ 32,768 స్థానాలను వెదకి, అన్నిటికంటే బలంగా వినిపించే స్థావరపు కాలానికి తన కాలాన్ని సరిపెట్టుకొనేది.

సెకనుకు 9600 బిట్ల మాటల ప్రసారానికి ఇక్కడి ప్రాసెసింగ్ గెయిన్ 128 రెట్లు, అనగా 21 డెసిబెళ్ళు. సరిగా వినడానికి 7 డెసిబెళ్ళు అవసరమనుకుంటే మిగిలిన 14 డెసిబెళ్ళు వ్యతికరణాన్ని భరించడానికి ఉపయోగపడతాయి. అంటే కావలసిన సంకేతం కంటే అన్య సంకేతాలు 25 రెట్లు బలంగా ఉన్నా మాట వినబడుతుంది. ఇది గొప్ప సంగతే, కానీ టవరు పక్కనే నిలబడిన ఒక్క ఫోను ఊరి చివర ఫోను కంటే వేల రెట్లు బలంగా వినిపించగలదు. అందువలన స్థావరం ప్రతి ఫోనుకూ సెకనుకు 800 సార్లు శక్తిని పెంచమనో, తగ్గించమనో ఆజ్ఞాపించేది. అందరి సంకేతాలూ ఒకే చోటికి చేరతాయి కాబట్టి మాత్రమే ఈ ఉపాయం ఫలించింది.

కేంద్రం లేని చోట

అడ్‌హాక్ నెట్‌వర్కులో అందుకొనేవారు పలుచోట్ల ఉంటారు. ఒకరి దగ్గర సమంగా వినిపించేలా శక్తిని సర్దితే మరొకరి దగ్గర అది చెవులు చిల్లులు పడేంత బలంగా ఉండవచ్చు. ప్రత్యక్ష క్రమ పద్ధతికి ఇక్కడ ఎదురయ్యే అసలు అడ్డంకి ఇదే. గెంతు పద్ధతిలో అయితే పక్కవారు ఎంత బలంగా పంపినా ఆ క్షణంలో వేరే ఛానెల్‌లో ఉంటే బాధ చాలావరకు తప్పుతుంది. కేంద్రం లేని నెట్‌వర్కులకు గెంతు పద్ధతే ఎక్కువగా అబ్బడానికి ఇది ముఖ్య కారణం.

మరి కాలాన్ని ఎవరు నిర్ణయించాలి? వై-ఫైలోని అడ్‌హాక్ విధానం ఒక తేలిక సూత్రాన్ని పాటించింది. నిర్ణీత సమయానికి ప్రతి పరికరమూ యాదృచ్ఛికంగా కొంతసేపు ఆగుతుంది. ముందుగా నోరు తెరిచినది తన కాలాన్ని ప్రకటిస్తుంది. విన్నవారు ఆ కాలం తమకంటే ముందుంటే దానిని స్వీకరిస్తారు, వెనుక ఉంటే వదిలేస్తారు. ఆ విధంగా అందరూ అన్నిటికంటే వేగంగా నడిచే గడియారాన్ని అనుసరించాలి. పది పరికరాలున్నప్పుడు ఇది బాగానే నడుస్తుంది. వందల సంఖ్యలో ఉన్నప్పుడు ఆ వేగవంతమైన గడియారానికి మాట్లాడే వంతు అరుదుగా వస్తుంది. అంతలో అది మిగిలినవారికి అందనంత ముందుకు వెళ్ళిపోతుంది.

గచ్చిబౌలిలోని వై-సన్ నెట్‌వర్కు

నానక్‌రామ్‌గూడకు పొరుగున గచ్చిబౌలిలో 1998లో స్థాపితమైన ట్రిపుల్ ఐటీ హైదరాబాదు ప్రాంగణంలో, సిలికాన్ ల్యాబ్స్ సంస్థ సహకారంతో 2022లో ప్రాంగణమంతటికీ విస్తరించిన వై-సన్ నెట్‌వర్కును ప్రారంభించారు. దేశంలో ఇటువంటిది ఇదే మొదటిదని ఆ సంస్థలు ప్రకటించాయి. అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్ 2020లో రెడ్‌పైన్ సిగ్నల్స్ నుండి హైదరాబాదులోని అభివృద్ధి కేంద్రాన్ని సొంతం చేసుకున్నది. వై-సన్ అనేది వీధి దీపాలు, కరెంటు మీటర్లు, సెన్సార్ల వంటి వాటిని కలిపే ప్రమాణం. ప్రతి పరికరమూ పొరుగు పరికరం సందేశాన్ని ముందుకు అందిస్తుంది. చివరకు సరిహద్దు రూటరు దానిని ఇంటర్నెట్‌కు చేరుస్తుంది.

సమకాలీకరణ విషయంలో ఈ ప్రమాణం తీసుకున్న మార్గం గమనింపదగినది. నెట్‌వర్కు అంతటికీ ఒకే గడియారం ఉండాలనే పట్టుదలను ఇది చాలావరకు వదులుకున్నది. ప్రతి పరికరమూ తన చిరునామా, గడి సంఖ్యల నుండి లెక్కించిన సొంత క్రమంలో, ఒక్కొక్క ఛానెల్‌లో 15 నుండి 255 మిల్లీసెకన్ల వరకు ఆగుతూ వింటుంది. దానికి కబురు పంపదలచిన పొరుగువారే దాని క్రమాన్ని లెక్కగట్టి, ఆ క్షణానికి అది ఉండే ఛానెల్‌కు వెళ్ళి పలకరించాలి. పంపే ప్రతి సందేశంలోనూ, ఇచ్చే ప్రతి జవాబులోనూ తాను ప్రస్తుతం తన క్రమంలో ఎక్కడ ఉన్నదో ఆ పరికరం చెబుతుంది. సంభాషణ సాగినంతకాలం తేడా దానంతట అదే సవరించబడుతూ ఉంటుంది. అందరికీ కలిపి పంపే ప్రకటనలకు మాత్రం సరిహద్దు రూటరు నిర్ణయించిన ఉమ్మడి క్రమం ఉంటుంది.

మన దేశంలో ఈ నెట్‌వర్కుకు ఉన్న చోటు చాలా ఇరుకు. 865-867 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు నుండి మినహాయించారు. ఇందులో 100 కిలోహెర్ట్జ్ చొప్పున 19 ఛానెళ్ళు వస్తాయి. అమెరికాలోని 902-928 మెగాహెర్ట్జ్ పట్టీలో 200 కిలోహెర్ట్జ్ ఛానెళ్ళే 129 ఉన్నాయి. రెండు ఛానెళ్ళు ఎప్పుడూ ఇతరులతో నిండి ఉన్నాయనుకుందాం. అమెరికాలో ఒక ప్రయత్నం విఫలమయ్యే అవకాశం 1.6 శాతం, ఇక్కడ 10.5 శాతం. ఐదు అంచెలు దాటవలసిన సందేశం ఒక్కొక్క అంచెలో ఒకే ప్రయత్నం చేస్తే నూటికి 43 సార్లు దారిలోనే పోతుంది. ప్రతి అంచెలోనూ మరొక్క ప్రయత్నం చేస్తే నష్టం 5 శాతానికి దిగుతుంది, ఇంకొక్కటి చేస్తే ఒక శాతం కంటే తక్కువ. ఈ లెక్క ప్రతి ప్రయత్నమూ సమకాలీకరణతో జరిగినప్పటిదే.

టోల్ ప్లాజాలలో ఫాస్టాగ్‌ను చదివే పరికరాలు కూడా ఈ పట్టీనే వాడతాయి. వాటి యాంటెన్నాలు వాహనం అద్దం వైపు గురిపెట్టి ఉంటాయి, పనిచేసే దూరమూ కొద్ది మీటర్లే. కాబట్టి కిలోమీటర్ల దూరంలోని ప్రాంగణానికి వాటితో పెద్ద చిక్కు ఉండదు. టోల్ ప్లాజా పక్కనే వీధి దీపాలను ఇలా కలపాలంటే మాత్రం ఆలోచించాలి. ఇటువంటి చోట్ల చెడిన ఛానెళ్ళను తన క్రమం నుండి తొలగించి, ఆ సంగతి పొరుగువారికి తెలిపే వీలు వై-సన్‌లో ఉంది. బ్లూటూత్‌లో ఇటువంటి సదుపాయం 2003 నాటి 1.2 వెర్షనుతో వచ్చింది. అక్కడ 79 ఛానెళ్ళలో కనీసం 20 మిగలాలి.

బలహీనతలు

స్ప్రెడ్ స్పెక్ట్రమ్ మీద దాడి చేయదలచినవారు పట్టీ మొత్తాన్నీ రొదతో నింపనవసరం లేదు. సమకాలీకరణను చెడగొడితే చాలు. కొత్తగా చేరే పరికరానికి క్రమం ఇంకా తెలియదు కాబట్టి నెట్‌వర్కు తన ఉనికిని అందరికీ అర్థమయ్యే విధంగా ప్రకటించక తప్పదు. వై-సన్‌లో ఈ తొలి ప్రకటన ఛానెళ్ళన్నిటి మీదా వరుసగా, రహస్య లిపి లేకుండా వెళుతుంది. ఆ తరువాతి దశలలో ధ్రువపత్రాల ద్వారా గుర్తింపు, సందేశాలకు ఎన్‌క్రిప్షన్ ఉంటాయి. మొదటి మెట్టు మాత్రం బహిరంగమే. పైన చెప్పిన వై-ఫై అడ్‌హాక్ సూత్రంలో అయితే ఎవరైనా చాలా ముందున్న కాలాన్ని అబద్ధంగా ప్రకటించినా మిగిలినవారు నమ్మి అనుసరిస్తారు. జీపీఎస్ మీద ఆధారపడిన సీడీఎంఏ స్థావరాలకు ఆ సంకేతం అందకపోతే లోపలి స్ఫటికంతో కొన్ని గంటలు మాత్రమే నెట్టుకురాగలిగేవి.

దాడి లేకపోయినా ఇబ్బంది రావచ్చు. ఒక వాడలో కరెంటు పోయి వచ్చినప్పుడు వందల మీటర్లు, దీపాలు ఒక్కసారిగా క్రమాన్ని మరచి తిరిగి వెదకడం మొదలుపెడతాయి. అప్పుడు ఉన్న 19 ఛానెళ్ళూ ప్రకటనలతోనే నిండిపోయే ప్రమాదముంది. అందుకని పొరుగువారు అదే సంగతిని చెబుతున్నట్లు వినిపిస్తే తాను చెప్పకుండా ఊరుకోవడం, అంతా సవ్యంగా ఉంటే ప్రకటనల మధ్య వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ పోవడం అనే నియమాన్ని ఈ నెట్‌వర్కులు పాటిస్తాయి. దీని వలన నెట్‌వర్కు నిలదొక్కుకోవడం కొంత ఆలస్యమైనా, ఒకరి గొంతు మీద మరొకరు అరవడం తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

సీడీఎంఏ, బ్లూటూత్, జీపీఎస్, నావిక్, హెడీ లమార్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ