తీర్పరి వేలు

జూబ్లీ హిల్స్‌ను ఆనుకొని ఉన్న ఫిల్మ్‌నగరులో ఎడిటింగు గదిలో కూర్చున్నవారికి ఒక సౌకర్యమున్నది. నటుని చేయి ఎప్పుడు లేచినదో తేలకపోతే ఆ దృశ్యాన్ని పదిసార్లు వెనుకకు త్రిప్పి చూడవచ్చును. ఆటస్థలంలోని తీర్పరికి చిరకాలం ఆ భాగ్యం లేదు. చూచునది ఒక్క క్షణం, చెప్పవలసినది మరుక్షణం. ఆ తరువాత వాదించుకొనుటకు ఊరంతా ఉండనే ఉన్నది.

ఇట్టి వాదాల చరిత్రలో 1986 మరపురాని సంవత్సరం. సెప్టెంబరు 22న మద్రాసు చేపాక్ మైదానంలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు చివరి ఓవరుదాక వచ్చినది. గెలుపునకు 348 పరుగులు కావలెను. భారతజట్టు 347 చేసినది. మిగిలినది ఒక్క వికెట్టు. గ్రెగ్ మాథ్యూస్ వేసిన అయిదవ బంతి మణీందర్ సింగ్ కాలికి తగిలినది. అంపైరు విక్రమరాజు వేలెత్తినారు. ఆట సమానమైపోయినది. బంతి ముందు బ్యాటుకు తగిలినదని మణీందర్ తరువాత కూడ చెప్పుచు వచ్చినారు. స్వదేశపు అంపైరే స్వదేశానికి ప్రతికూలంగా ఇచ్చిన తీర్పు ఇది!

సాధారణంగా నింద ఇందుకు విపర్యయంగా ఉండేది. పర్యటనకు వచ్చినవారు ఓడినప్పుడెల్ల "అంపైర్లు వారి ఊరివారే గదా" అనేవారు. ఆ అపవాదు పడలేక పాకిస్తాన్ నాయకుడు ఇమ్రాన్ ఖాన్ తటస్థులు కావలెనని పట్టుబట్టినారు. ఆ నవంబరులో లాహోరులో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుకు ఇద్దరు భారతీయులు అంపైర్లుగా నిలిచినారు. ఒకరు పిలూ రిపోర్టరు. రెండవవారు 1945లో మన హైదరాబాదులో జన్మించిన వి.కె. రామస్వామి. 1912లో ఇంగ్లండులో జరిగిన ముక్కోణపు పోటీల తరువాత టెస్టులో తటస్థ అంపైర్లు నిలుచుట అదే మొదలు. భారతీయుల మాట పాకిస్తాన్ గడ్డపై చెల్లుబాటగుట చిన్న విషయం కాదు. పాకిస్తాన్ రెండవ ఇన్నింగ్సులో 77 పరుగులకే కూలి, ఇన్నింగ్సు తేడాతో ఓడినది. రామస్వామి మొత్తం 26 టెస్టులకు అంపైరుగా ఉన్నారు.

ఆ సంవత్సరమే అమెరికాలో మరొక దారి తొక్కినారు. అక్కడి ఫుట్‌బాలులో కాలితో తన్నుట తక్కువ, చేతబట్టి పరుగెత్తుట ఎక్కువ. పేరు మాత్రం ఫుట్‌బాలే. వారి జాతీయ లీగు 1986లో వీడియో చూచి తీర్పు దిద్దుకొను పద్ధతిని ప్రవేశపెట్టి, 1991 పోటీల తరువాత విడిచి, 1999లో మరల చేపట్టినది. కాని 2002 జనవరి 19న మంచు కురియుచుండగా చిక్కు వచ్చినది. న్యూ ఇంగ్లండు ఆటగాడు టామ్ బ్రేడీ చేతినుండి బంతి జారినది. దానిని ఓక్లండువారు పట్టినారు. వీడియో చూచిన రెఫరీ వాల్ట్ కోల్‌మన్ బంతి న్యూ ఇంగ్లండుదే అన్నారు. విసరుటకు చేయి ముందుకు కదిలిన పిదప, మనసు మార్చుకొని బంతిని ఒడిలోనికి లాగుకొనుచున్నను అది విసరుటయే అని నిబంధన. కన్ను పొరపడలేదు, యంత్రమూ పొరపడలేదు. తగవంతా అక్షరంలో ఉన్నది. ఆ నిబంధనను 2013లో రద్దు చేసినారు.

మనకు ఆ అనుభవం 2008లో కలిగినది. జనవరిలో సిడ్నీ టెస్టులో, మన లక్ష్మణ్ 109 పరుగులు చేసిన ఆ ఆటలోనే, సైమండ్స్ 30 వద్ద ఇచ్చిన క్యాచిని స్టీవ్ బక్‌నర్ గుర్తింపలేదు. అతడు 162 చేసి అజేయంగా నిలిచినాడు. జులైలో శ్రీలంకలో భారతజట్టు ఆడిన టెస్టులలోనే తీర్పు పునఃపరిశీలనను పరీక్షించి చూచినారు. అది మనవారికి రుచింపలేదు. 2016 వరకు మన క్రికెట్టు బోర్డు దానిని దూరముంచినది.

ఆ సంకోచం పూర్తిగా నిర్హేతుకమని నేననను. కాలికి తగిలిన బంతి తరువాత ఎటు పోయెడిదో యంత్రం ఊహించునే గాని చూడదు. అందుచేతనే బంతిలో సగానికి తక్కువ భాగం వికెట్లను తాకునని తేలితే, మైదానంలోని అంపైరు మొదట ఏమన్నారో అదే నిలుచును. ఒకే విధమైన బంతికి ఒకరు ఔటు, మరొకరు నాటౌటు! బంతి బ్యాటును రాచినదా అనుటకు మాత్రం ధ్వనిని పట్టు సాధనమున్నది. చేపాక్‌లో మణీందర్ అడిగినది ఆ ప్రశ్ననే. అయితే అట్టి బంతి నేడు పడినను, అప్పటికి ఆ జట్టు చేతిలో ఒక అప్పీలు మిగిలియుండవలెను.